డార్జిలింగ్ ‘బి’ తరగతి ఇంజను ఇత్తడి నమూనా: టంకాల వరుస, ట్యాంకు మీది రివెట్లు

రైలుబండి:

సభ్యులందరికీ నమస్కారం.

డార్జిలింగ్ కొండ రైలు మార్గం కోసం 1889లో మొదలుపెట్టి తయారుచేసిన ‘బి’ తరగతి ఆవిరి ఇంజనుకు ఇంట్లోనే ఇత్తడితో ఒక నమూనా చేస్తున్నాను. కొలత 1:19. ఆ మార్గంలో పట్టాల మధ్య దూరం రెండడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు కాబట్టి, ఈ కొలతలో అది 32 మి.మీ. అవుతుంది. బొమ్మ రైళ్లలో ‘ఓ’ గేజ్ అనే పట్టాల వెడల్పు కూడా అంతే కావడం వల్ల పట్టాలు విడిగా చేసుకోవలసిన పని ఉండదని ఈ కొలతను ఎంచుకున్నాను. అసలు ఇంజనులో 26 అంగుళాలున్న చక్రం నా నమూనాలో దాదాపు 35 మి.మీ. వస్తుంది.

చట్రాన్ని 1.6 మి.మీ. రేకుతో కోసి, ఇరుసులు, చక్రాలు అమర్చి, బ్యాటరీతో తిరిగే మోటారును, గేర్లను బాయిలరు కింద పట్టేటట్లు సర్దాను. ఇక పైభాగం మొదలుపెట్టాలి. ఈ ఇంజనులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. చట్రం పలకల మధ్యనున్న తొట్టిలో కొన్ని, బాయిలరును పైనుంచి రెండు పక్కలా కప్పి కూర్చున్న శాడిల్ ట్యాంకులో కొన్ని. నా సందేహాలన్నీ ఈ రెండో దాని చుట్టూనే ఉన్నాయి. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉన్న 777 నంబరు ఇంజనుకు నేను తీసిన ఫోటోలు ఉన్నాయి గానీ, ఫోటో చూసి కొలతలు తీయడం వేరు, రేకును ఆ ఆకారానికి తేవడం వేరు.

రాణిగంజ్‌లో 28 గేజి ఇత్తడి రేకు దొరికింది. పావు అంగుళం ఉక్కు పలకను 19తో భాగిస్తే 0.33 మి.మీ. వస్తుంది, 28 గేజి రేకు మందం దాదాపు 0.38 మి.మీ. కనుక చూపుకు తేడా తెలియదని అనుకుంటున్నాను. ఈ రేకును భుజాల దగ్గర మడత పడకుండా గుండ్రంగా వంచడం ఎలా? రివెట్ల వరుసలు వంచకముందు వేయాలా, వంచిన తరువాతనా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మరొకటి. ట్యాంకు అంచులు అతికాక దాని మీదికి చేతికమ్ములు, దీపపు కొక్కేలు, మూత, మెట్లు వంటి చిన్న భాగాలు ఎన్నో రావాలి. వాటిని ఒక్కొక్కటిగా అతికేటప్పుడు అంతకుముందు అతికినవి ఊడిపోకుండా ఉండాలంటే పని ఏ వరుసలో సాగాలి, ఏ టంకం (ముక్కలను అతకడానికి కరిగించి పోసే లోహం) ఎక్కడ వాడాలి?

చివరగా ఒక చిన్న మాట. ఇత్తడి గొట్టంతో చేస్తున్న ఈ బాయిలరులోనే ముందు ముందు నిజమైన ఆవిరి పెట్టవచ్చునా?

పాత లేత్:

రైలుబండి గారికి నమస్కారం.

ముందు చివరి ప్రశ్నకు జవాబు: పెట్టకూడదు. వేడి నీరు, ఆవిరి తగులుతూ ఉంటే ఇత్తడిలోని జింకు నెమ్మదిగా కరిగి బయటికి పోతుంది, మిగిలిన రాగి బెండులా గుల్లబారుతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. ఆవిరి బాయిలరును రాగితో కట్టి, వెండి టంకంతో అతికి, మరలు పట్టే బుష్‌లను గన్‌మెటల్ అనే ఒక రకం కంచుతో చేసి, నడపబోయే ఒత్తిడికి రెండింతలు నీటితో పరీక్షించాలి. అది వేరే ప్రాజెక్టు. ఈ నమూనాకు మోటారే ఉండనివ్వండి.

ఇక టంకాల సంగతి. మీరు రేకు కోయకముందే ఒక కాగితం మీద ప్రతి అతుకునూ రాసి, దాని పక్కన అది ఎంత వేడి చూడబోతున్నదో, దాని తరువాత దానికి అంగుళం దూరంలో ఇంకేమి అతకబోతున్నారో రాసుకోండి. ఎక్కువ వేడి కోరే అతుకులు ముందు, తక్కువ వేడితో పోయేవి తరువాత అన్నది అందరూ చెప్పే నియమమే. అంకెలు చూస్తే దాని హద్దులు తెలుస్తాయి. 55 శాతం వెండి ఉన్న టంకం 630 నుంచి 660 సెల్సియస్ డిగ్రీల మధ్య కరుగుతుంది. 96 పాళ్లు తగరం, 4 పాళ్లు వెండి కలిపినది 221 వద్ద కరగడం మొదలవుతుంది. రేడియో పనిలో వాడే 60:40 తగరం-సీసం టంకం 183 నుంచి 190 మధ్య పారుతుంది. బిస్మత్ కలిసిన ఒక రకం 70 డిగ్రీలకే నీరవుతుంది. అంటే మీకు నాలుగు మెట్లు ఉన్నాయి, అయితే నడిమి రెండింటికీ మధ్య ఉన్నది ముప్పై నలభై డిగ్రీలే. ఆ కొద్ది తేడాను నిలబెట్టేది చేతి వేగం మాత్రమే.

అందుకే చిన్న భాగానికి చిన్న సోల్డరింగ్ ఐరన్ వాడాలన్న ఆలోచనను వదిలివేయండి. ఇత్తడి రాగిలో మూడో వంతు మాత్రమే వేడిని మోస్తుంది, అయినా 25 వాట్ల ఐరన్‌ను ఆనించి టంకం కరిగే దాకా కాచుకొని కూర్చుంటే ఆ లోపల ట్యాంకు అంతా వేడెక్కి, పక్కనున్న అతుకులన్నీ మెత్తబడతాయి. వెడల్పాటి మొన ఉన్న 80 లేదా 100 వాట్ల ఐరన్ అయితే రెండు మూడు క్షణాలలో పని ముగించి తీసివేయవచ్చు, వేడి పక్కకు పాకే వ్యవధి ఉండదు. చిన్న భాగానికి అడుగున ముందే పలుచగా టంకం పూసి, అతికే చోట ఫ్లక్స్ (టంకం బాగా పారి పట్టుకోవడానికి రాసే మందు) రాసి, భాగాన్ని పట్టకారుతో నిలిపి, వీలైతే రేకు వెనుక వైపునుంచి వేడి ఇవ్వండి. పక్క అతుకు మీద తడి కాగితపు ముద్ద పెట్టండి. టంకం పారకూడని చోట మెత్తని పెన్సిలుతో నల్లగా గీస్తే అది ఆ గీతను దాటదు.

ఇంతకన్నా గట్టి భరోసా టంకంలో లేదు, మేకులో ఉన్నది. ప్రతి దీపపు కొక్కేనికీ, ప్రతి మెట్టుకూ వెనుక 0.6 లేదా 0.8 మి.మీ. తీగ ముక్క ఒకటి నిలిపి, రేకులో అంతే బెజ్జం వేసి దూర్చండి. టంకం ఒకవేళ మెత్తబడినా భాగం ఉన్న చోటనే ఉంటుంది. పొగగొట్టం, ఆవిరి డోము, ట్యాంకు మూత వంటి బరువైన వాటిని అసలు అతకవద్దు. వాటి అడుగున మర కోసి లోపలినుంచి 2 మి.మీ. మరమేకుతో బిగించండి. అంత లావు ముద్దను వేడిచేసే లోపల పలుచని రేకు మీద ఉన్నవన్నీ ఊడిపోతాయి, పైగా రంగు వేసేటప్పుడు విడదీసుకునే వీలు ఉంటుంది.

ట్యాంకును ఖాళీ తొడుగులాగా కాకుండా, లోపల 1 మి.మీ. రేకుతో కోసిన మూడు అడ్డపలకల మీద కట్టండి. తొడుగును ఆ పలకలకు తగరం-వెండి టంకంతో అతికి, పైన వచ్చే చిన్న భాగాలకు 60:40 వాడితే చాలు. ఒక చివర మొదలుపెట్టి మరో చివరకు గీతలా అతుక్కుంటూ పోతే రేకు ఉబ్బి అలలు వస్తుంది. మధ్యలో ఒక చుక్క, రెండు చివరల చెరొక చుక్క, వాటి నడుమ మళ్లీ చుక్కలు, అన్నీ చల్లారి తిన్నగా ఉన్నాయని చూశాకనే పూర్తి అతుకు వేయాలి. పని కింద గట్టి చెక్క ఉండాలి గానీ ఇనుప పలక ఉండకూడదు, అది వేడినంతా తాగివేస్తుంది. నా లెక్కలో వెండి టంకం అవసరమయ్యేది బరువు లాగే కొక్కేనికి, ముందు వెనుకల బఫరు దూలాలకు మాత్రమే. 28 గేజి తొడుగు మీద దాని జోలికి పోవద్దు.

కమ్మచ్చు:

నమస్కారం. నేను కంసాలి పని చేసే ఇంటివాడిని. రైలు ఇంజనుల గురించి తెలిసినది తక్కువ గానీ పలుచని రేకుతోనే రోజూ పని.

పాత లేత్ గారు చెప్పిన వరుస సరైనదే, ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. తొడుగు మీద వెండి టంకం వద్దన్నంత వరకు ఒప్పుకుంటాను. అయితే రెండు మూడు ముక్కలతో తయారయ్యే చిన్న భాగాలను, అంటే దీపపు కొక్కేలు, బందులు, కమ్మిని పట్టే గుబ్బలు వంటి వాటిని, విడిగా బొగ్గు మీద పెట్టి వెండి టంకపు పలుకులతో ముందే అతికి ఉంచుకోవాలి. అలా చేసిన భాగాన్ని తరువాత సీసపు టంకంతో ఎన్నిసార్లు వేడిచేసినా దాని లోపలి అతుకు కదలదు. మెత్తటి టంకంతోనే అన్నీ చేస్తే కొక్కెం ట్యాంకుకు అతుకుతుంది, దాని వంపు మాత్రం విడిపోతుంది.

దీనిలో ఒక సూక్ష్మం ఉంది. మా పనిలో ఫ్లక్స్‌గా వెలిగారం వాడతాము. అది పూర్తిగా కరిగి పారాలంటే దాదాపు 740 డిగ్రీలు దాటాలి. మేము వాడే గట్టి టంకాలకు ఆ వేడి సరిపోతుంది గానీ, 55 శాతం వెండి టంకం అంతకు ముందే కరుగుతుంది కాబట్టి వెలిగారం ఇంకా పొంగి బిరుసుగా ఉండగానే టంకం ఉండ కట్టుకుంటుంది. అది చూసి మంట పెంచితే ఇత్తడి 900 దగ్గర తానే కరగడం మొదలుపెడుతుంది. ఆ టంకానికి తగిన తక్కువ వేడి ఫ్లక్స్‌ను దానితో పాటే కొనండి. కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనా అని అడిగి తీసుకోండి, పాత రకాల పొగ ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఇత్తడి నుంచి తెల్లని పొగ లేస్తే జింకు ఆవిరవుతున్నదని గుర్తు, మంట వెంటనే తీసివేయాలి.

వంచడం గురించి అడిగారు. దుకాణంలో దొరికే రేకు చాలా వరకు బిరుసుగా ఉంటుంది. చెక్క దిమ్మె మీద వంచితే సగం వెనక్కు లేస్తుంది. గది కొంచెం చీకటి చేసుకొని, రేకు మీద మంటను తిప్పుతూ, ఎరుపు మసకగా కనిపించీ కనిపించని దశలో ఆపండి. వెలుతురులో చేస్తే ఎరుపు కనిపించేసరికి వేడి మితిమీరి ఉంటుంది, రేకు పైభాగం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. నెమ్మదిగా చల్లారనిచ్చినా నష్టం లేదు. తరువాత చెక్క సుత్తితో దాగలి మీద చదును చేసి, మీకు కావలసిన వంపుకన్నా కొంచెం చిన్న వ్యాసం ఉన్న గొట్టం మీద వంచండి, వదిలినప్పుడు అది తెరుచుకొని సరైన కొలతకు వస్తుంది. రేకు కొనేటప్పుడు రాగి, జింకు పాళ్లు 70:30 లేదా 63:37 ఉన్న రకం అడగండి. లేత్ మీద తిప్పడానికి అమ్మే 60:40 ఇత్తడిలో సీసం కలుపుతారు. అది చక్కగా తెగుతుంది గానీ వంపు దగ్గర చీలిపోతుంది.

రివెట్లు వంచకముందే. వంచాక లోపలినుంచి కొట్టడానికి చోటు ఉండదు, వరుస కూడా తప్పుతుంది. వెనుక వైపు సన్నగా గీత గీసి, విభాగినితో సమ దూరాలు గుర్తుపెట్టి, కింద గుంట ఉన్న అచ్చు మీద గుండ్రని మొన గల పోగర (ఉలి వంటి సన్నని పనిముట్టు) పెట్టి ఒకే బరువుతో కొట్టండి. అసలు రివెట్టు తల 22 మి.మీ. అనుకుంటే మీ కొలతలో అది 1.15 మి.మీ. వంచేటప్పుడు రేకుకూ గొట్టానికీ మధ్యనే కాక పైవైపున కూడా సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి, లేకుంటే తలలన్నీ నలిగి చదునైపోతాయి.

చేతికమ్ముల తీగను కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే బెజ్జాల పలకలో) ఒకసారి లాగి, ఒక చివర బల్లకు బిగించి రెండో చివర పట్టకారుతో గట్టిగా గుంజండి. కొంచెం సాగినట్టు చేతికి తెలుస్తుంది. అప్పటితో అది బాణంలా నిలుస్తుంది, సుత్తితో ఎంత కొట్టినా ఆ తిన్నదనం రాదు. డార్జిలింగ్ ఇంజనుకు ముందు భాగంలో పట్టాల మీద ఇసుక చల్లే మనుషులు నిలబడతారని ఫోటోలలో చూశాను. వారు పట్టుకునే కమ్ములు అందరి కంటికీ ముందు పడతాయి కాబట్టి అక్కడ ఈ శ్రద్ధ అవసరం.

సగం లోతు:

ఇద్దరు పెద్దలు చేతిపని చెప్పారు. నేను రసాయనపు పద్ధతి చేస్తాను కనుక రివెట్ల విషయంలో మాత్రం ఒక ప్రత్యామ్నాయం రాస్తున్నాను.

కంప్యూటరులో గీసిన బొమ్మను రేకు రెండు వైపులా కాంతికి గట్టిపడే పొర మీద ముద్రించి, ఫెరిక్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే పొర లేని చోట్ల ఇత్తడి కరిగిపోతుంది. రెండు వైపులా తెరిచిన గీత ఆరపార తెగుతుంది, ఒక్క వైపే తెరిచిన గీత సగం లోతుకు ఆగుతుంది. ఈ సగం లోతులోనే దీని ప్రయోజనమంతా ఉంది. వెనుక వైపు రివెట్టు స్థానాల్లో 0.5 మి.మీ. చుక్కలు సగం లోతు చెక్కి ఉంచితే పోగర మొన తానే ఆ గుంటలో కూర్చుంటుంది, విభాగినితో కొలవవలసిన పని తప్పుతుంది. మడత గీతను కూడా సగం లోతు చెక్కితే రేకు అక్కడే వంగుతుంది. గీత లోపలి వైపు వచ్చేటట్లు మడిచి, ఆ మూలలో టంకం పారిస్తే పోయిన బలం తిరిగి వస్తుంది.

దీనికి హద్దులున్నాయి. ద్రావణం లోపలికే కాక పక్కలకూ తింటుంది, అందుచేత బొమ్మలో ఆ మేరకు గీతలను ముందే లావు చేయాలి. రేకు మందం కన్నా చిన్న బెజ్జం శుభ్రంగా రాదు. ద్రావణాన్ని 40, 45 డిగ్రీల వేడిలో ఉంచి కదుపుతూ ఉండకపోతే ఒక మూల తెగి మరో మూల మిగులుతుంది. వాడిన ద్రావణంలో రాగి కరిగి ఉంటుంది కాబట్టి దానిని మోరీలో పోయకూడదు. బట్టల సోడా కలిపి ఆమ్లాన్ని విరిచి, అడుగున దిగిన మడ్డిని విడిగా తీసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి ఇవ్వాలి. స్టీలు గిన్నెలకు ఇది తగిలితే గుంటలు పడతాయి, గచ్చు మీద పడిన పసుపు మరక పోదు. వంటింటి దరిదాపుల్లో చేసే పని కాదు.

నిజం చెప్పాలంటే ఒక్క ఇంజనుకు మొత్తం ఈ పద్ధతి అక్కర లేదు. డ్రైవరు గది పక్క గోడల వంటివి రెండు రేకులను కలిపి అంటించి, కింద 3 మి.మీ. ప్లైవుడ్ పెట్టి, సన్నని కంసాలి రంపంతో ఒకేసారి కోస్తే అచ్చుగుద్దినట్టు జతగా వస్తాయి. ప్లైవుడ్ లేకుండా కోస్తే ఇంత పలుచని రేకు రంపపు పళ్ల మధ్య చిక్కుకొని చిరుగుతుంది. నంబరు పలకలు, తయారీదారు పేరు పలకలు, రివెట్ల తొడుగు మాత్రం చెక్కించుకోండి. ‘షార్ప్ స్టూవర్ట్’ అన్న తయారీదారు పేరులోని అక్షరాలను ఆ పరిమాణంలో చేతితో ఎవరూ కోయలేరు. లేజరు కోత గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. చెక్క, అక్రిలిక్ కోసే మామూలు కార్బన్ డయాక్సైడ్ లేజరును ఇత్తడి వెనక్కు కొడుతుంది, దానికి ఫైబర్ లేజరు కావాలి.

రైలుబండి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆవిరి ఆలోచన మానుకున్నాను. ట్యాంకు తొడుగు, నంబరు పలకలు చెక్కించి, మిగిలినవన్నీ రంపంతోనే కోస్తాను. కమ్మచ్చు గారు చెప్పినట్లు కొక్కేలన్నీ విడిగా వెండి టంకంతో ముందే చేసుకుంటాను.

రెండు సందేహాలు మిగిలాయి. ముందు దీపం, బొగ్గు తొట్టి దగ్గర కూర్చునే మనిషి బొమ్మ తెల్ల లోహపు (తక్కువ వేడికే కరిగే తగరపు మిశ్రమం) పోతలుగా నా దగ్గర ఉన్నాయి. వాటిని ఇత్తడి మీద నిలపడానికి 70 డిగ్రీల టంకం వాడితే చాలునా? అంతా అయ్యాక రంగుకు ముందు చింతపండుతో తోమితే సరిపోతుందా, మరేదైనా చేయాలా?

కమ్మచ్చు:

చింతపండు, ఉప్పు కలిపి తోమితే చెంబు మెరుస్తుంది గానీ, రివెట్ల చుట్టూ, మడతల్లో ఉప్పు మిగిలితే కొన్నాళ్లకు రంగు కింద పచ్చగా చిలుము లేస్తుంది. నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీటిలో కరిగించి అందులో కొంతసేపు ఉంచండి, తరువాత బట్టల సోడా నీటితో, ఆపైన మంచినీటితో పాత పళ్ల బ్రష్షుతో కడగండి. ఆ ఆమ్లపు నీటిలో ఇనుప పట్టకారు ముంచవద్దు. నీటిలో కరిగిన రాగి ఇత్తడి మీద పేరుకొని భాగాలన్నీ ఎర్రబడతాయి. వెదురు చిమటా వాడండి.

పాత లేత్:

తెల్ల లోహానికి 70 డిగ్రీల టంకమే సరైనది, ఎందుకంటే 60:40 వేడికి ఆ పోత తానే కరిగి కూలిపోవచ్చు. అయితే ఈ టంకం ఇత్తడికి నేరుగా పట్టదు. ఇత్తడి మీద ఆ చోట ముందు 60:40తో పలుచగా పూసి, చల్లారాక, దాని మీద తక్కువ వేడి టంకంతో పోతను నిలపాలి. వేడి తగ్గించే సౌకర్యం ఉన్న ఐరన్ కావాలి. ఈ రకం టంకాలలో కొన్నింటిలో సీసంతో పాటు కాడ్మియం కూడా ఉంటుంది కాబట్టి ఆకురాయితో రాసిన పొడిని ఊదవద్దు, తడిగుడ్డతో తుడిచి పారవేయండి. చేతులు కడుక్కున్నాకనే టీ గ్లాసు ముట్టుకోండి.

రంగుకు ముందు, రెండు భాగాలుగా వచ్చి కలుపుకొని వాడే ఆమ్లపు ప్రైమరు ఇత్తడికి బాగా పట్టుకుంటుంది, మామూలు ప్రైమరు గోరుతో గీకితే పొరగా లేచిపోతుంది. దానిని పలుచగా రెండు పూతలు వేయండి, మందమైతే సగం లోతు గారి పద్ధతిలో మీరు చేయించే రివెట్లన్నీ పూడిపోతాయి. రంగును పొయ్యి మీద గానీ ఓవెనులో గానీ కాల్చి గట్టిపరచే ఉద్దేశం ఉంటే దీపాన్నీ మనిషినీ ఆ తరువాతే నిలపండి. 60:40 అతుకులు 100 డిగ్రీల ఓవెనును లెక్కచేయవు, 70 డిగ్రీల అతుకు మాత్రం తలుపు మూసిన కాసేపటికే వదిలివేస్తుంది. అందుకని ఆ రెండు చోట్లా ప్రైమరు పడకుండా చిన్న టేపు ముక్క అంటించి ఉంచుకోండి.